జీవకణమును విద్యుత్సంకేతమును

కొంతకాలము క్రిందట మా బంధువర్గములో నొక వృద్ధురాలికి గుండె మందగించెను. నాడి నిమిషమునకు 40 మాఱులైనను కొట్టుకొనుట లేదు. పెరటిలో నొకమాఱును, వంటయింటి గడపకడ నొకమాఱును ఆమె స్మృతి తప్పి పడిపోయెను. వైద్యులు పరీక్షించి ఱొమ్ముచర్మము క్రింద పేస్‌మేకరు నమర్పవలయునని చెప్పిరి. కుమారులు తమలో తామాలోచించుకొని, సొమ్ము సమకూర్చుకొని, దినము నిర్ణయించిరి. ఆమెను మాత్ర మెవ్వరు నడుగలేదు. ఆ ముందునాటి రాత్రి ఆమె నన్ను దగ్గఱకు పిలిచి, “నాయనా, నువ్వు చదువుకున్నవాడివి. రేపటినుంచి నా గుండె నా మాట వింటుందా, ఆ యంత్రం మాట వింటుందా?” అని యడిగెను. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని.

ఆమె యడిగినది రెండువందల సంవత్సరములకు పైగా శాస్త్రజ్ఞు లడుగుచు వచ్చిన ప్రశ్నయే. ప్రాణముగల కణమును విద్యుత్తు నడిపింపగలదా? నడిపించినచో ఆ నడక కణమునదా, విద్యుత్తునదా? ఈ ప్రశ్న యొక్క చరిత్రను మొదటినుండి చూచినచో నొక సంగతి స్పష్టమగును. జీవకణముల మాటను ముందుగా వినినవారు రోగులకు మేలు చేయగలిగిరి. వినకయే ఆజ్ఞాపింప జూచినవారు వింతలు చూపిరి. కొన్నియెడల ఘోరములును జేసిరి.

ఈ చరిత్రలో మొదటి ఘట్టము ఇటలీ దేశమున బొలోన్యా నగరమున జరిగెను. అచ్చట శరీరశాస్త్రము బోధించుచుండిన లుయీజీ గాల్వాని 1780 ప్రాంతముల కప్పల నరములను, కండరములను పరీక్షించుచుండెను. భార్యయగు లూచియా ఈ పరిశ్రమలో ఆయనకు తోడ్పడుచుండెను. ఒకనాడు చనిపోయిన కప్ప తొడనరమునకు కత్తిమొన తగిలియుండగా, ఎడముగా నున్న విద్యుద్యంత్రమునుండి నిప్పురవ్వ వెడలెను. అంతలో నా కప్పకాలు బ్రదికియున్నదానివలె తటాలున ముడుచుకొనెను. పిమ్మట 1786లో ఇత్తడి కొక్కెములకు కప్పకాళ్లను తగిలించి ఇనుప కటకటాలపై వ్రేలాడదీయగా, మెఱుపు లేకున్నను, యంత్రము లేకున్నను అవి అదరుట ఆయన కంటబడెను. జంతుదేహముననే యొకవిధమగు విద్యుత్తు కలదనియు, నరము దానిని గొనిపోవుననియు నిశ్చయించి 1791లో లాటినుభాషలో తన గ్రంథమును ప్రకటించెను.

పావియా నగరమున భౌతికశాస్త్రాచార్యుడైన అలెస్సాండ్రో వోల్టా ఆ గ్రంథమును చదివి మొదట మెచ్చుకొనెను. పిదప సందేహించెను. విద్యుత్తు కప్పలో లేదు. ఇత్తడియు ఇనుమును అను రెండు లోహములు తడిలో కలిసినచోట పుట్టుచున్నది. కప్పకాలు దానిని తెలుపు సాధనము మాత్రమే యని యాయన వాదించెను. గాల్వాని పక్షమువారు 1794లో లోహమే లేకుండ, కప్ప నరమును దాని కండరమునకే తాకించి కాలదరుట చూపిరి. వోల్టా తన వాదమును బలపఱచుకొనుటకై లోహపు బిళ్లలను, తడిసిన అట్టలను ఒకదానిపై నొకటి పేర్చి 1800లో బ్యాటరీని లోకమున కెఱిగించెను. నేడు మన టార్చిదీపములో వేసికొను బ్యాటరీ దాని సంతతిదే. గాల్వాని మాత్రము దానిని చూడలేదు. ఉత్తర ఇటలీలో నేర్పడిన క్రొత్త ప్రభుత్వమునకు ప్రమాణము చేయనొల్లక ఉద్యోగము పోగొట్టుకొని, 1798లో కీర్తిశేషుడయ్యెను. ఈ వాదమున నిద్దఱును సగము సగము సత్యమును గ్రహించిరి. లోహముల కలయికవలన విద్యుత్తు పుట్టుట నిజము. జీవకణమునకు స్వకీయమగు విద్యుత్తు కలదనుటయు నిజము.

సగము సత్యము మాత్రమే తెలిసినప్పుడు దానితో ప్రదర్శన చేయుట సులభము. గాల్వాని మేనల్లుడగు జొవాన్ని ఆల్దీని 1803 జనవరిలో లండను నగరమున, ఉరిశిక్ష పొందిన జార్జి ఫార్స్టరను వాని శవమునకు పెద్ద బ్యాటరీ తీగలను తాకించెను. దవడ వణకెను, మొగమునందలి కండరములు వంకరలు పోయెను, ఒక కన్ను తెఱచుకొనెను. చూడవచ్చినవారిలో కొందఱు మృతుడు మఱల లేచుచున్నాడని భ్రమపడిరట! ఆ శతాబ్దమంతయు ఐరోపా, అమెరికా ఖండములలో విద్యుత్పటకాలను నడుమునకు కట్టుకొనినచో సర్వరోగములును మాయమగునని పత్రికలలో ప్రకటనలు వెలువడుచుండెను. ఆ వర్తకుల కెవ్వరికిని కణము తనంతట తానేమి పలుకుచున్నదో తెలియదు. తెలిసికొనవలయునను కోరికయు లేదు.

వినుట నేర్చినవారు వేఱు. బెర్లిను నగరమున ఎమిల్ దు బ్వా రేమాన్ వేలకొలది చుట్లు తీగను తన చేతులతో చుట్టి అతిసూక్ష్మమైన విద్యున్మాపకమును నిర్మించి, కండరము ముడుచుకొనునప్పుడును, నరము వార్త మోయునప్పుడును వాని విద్యుత్తు మాఱుట 1840 తరువాతి సంవత్సరములలో కొలిచి చూపెను. ఆయనయు, ఆయన సహాధ్యాయి హెర్మన్ హెల్మ్‌హోల్ట్సును యోహానెస్ మ్యుల్లరు శిష్యులు. నరములలో వార్త పరుగెత్తు వేగమును మనుష్యుడు కొలువజాలడని గురువు తలంచెను. శిష్యుడైన హెల్మ్‌హోల్ట్సు 1850 నాటికి కప్ప నరముతోనే దానిని కొలిచెను. అది సెకండునకు సుమారు 25 మొదలు 40 మీటర్లు మాత్రమే. మెఱుపుతో పోల్చదగినదని భావింపబడిన వార్త, పరుగెత్తు గుఱ్ఱము కంటె కొంచె మధికమైన వేగముతో పోవుచున్నదని తేలెను! దీనివలన నొక గొప్ప విషయము తెలియవచ్చినది. నరమునందలి సంకేతము తీగలో పాఱు విద్యుత్తువంటిది కాదు; కణము తన పొరపై అంగుళమంగుళముగా తానే పుట్టించుకొనుచు ముందునకు నడపు క్రియ యది.

ఆజ్ఞాపించువారి త్రోవయు నీ కాలమున మెదడు వఱకు వచ్చెను. 1870లో ఫ్రిచ్, హిట్జిగ్ అను నిద్దఱు జర్మను వైద్యులు హిట్జిగ్ గృహముననే కుక్క మెదడుపై స్వల్పవిద్యుత్తును తాకించి, ఒక్కొక్క తావును తాకినప్పుడు ఒక్కొక్క యంగము కదలుట కనుగొనిరి. శాస్త్రమున కది మేలుమలుపు. నాలుగేండ్లకు, అనగా 1874లో, అమెరికాలోని సిన్సినాటి నగరమున రాబర్ట్స్ బార్తలో అను వైద్యుడు ఆ పరీక్షను మనుష్యునిపై చేయ దలచెను. ఆయనకు దొరకినది మేరీ రాఫర్టీ యను సేవకురాలు. తలపై పుండు వ్రణమై పుఱ్ఱెను తినివేయగా మెదడు బయటికి కనబడుచు ఆమె ఆసుపత్రిలో పడియుండెను. బార్తలో సూదులను మెదడులో గ్రుచ్చి విద్యుత్తును పంపెను. మొదట కాలుసేతులు కదలెను. అంతతో తృప్తిపడక విద్యుత్తును హెచ్చించెను. ఆమె బాధతో విలపించి, మూర్ఛలో పడెను, కొలదిదినములకే మరణించెను. ఆమె సమ్మతించినదని ఆయన వ్రాసెను. ఆమె మందబుద్ధియని వ్రాసినదియు ఆయనయే. దిక్కులేని సేవకురా లొకతె వైద్యుని యెదుట తలయూచినచో దానిని సమ్మతియని యెవ్వరనగలరు? నాటి వైద్యులే పలువురాయనను నిందించిరి. ఆయన తుదకు పశ్చాత్తాపమును ప్రకటించెను. కాని రాఫర్టీకి దానివలన నేమి లాభము?

సంకేతములను వినుటలో మన దేశమువారికిని భాగము కలదు. 1873లో ఇంగ్లండున బర్డన్ సాండర్సను, ఛార్లెస్ డార్విను సూచనపై, పురుగులను పట్టు మొక్క యాకునందు విద్యుత్సంకేతమును గుర్తించెను. ఐనను అట్టి వింతమొక్కలకే గాని సాధారణవృక్షములకు నిట్టి చలనము లేదని యాయన నమ్మెను. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడగు జగదీశచంద్ర బోసు అన్ని మొక్కలును గాయమునకు, వేడికి, తాకిడికి విద్యుత్తుచే ప్రత్యుత్తర మిచ్చునని చూపెను. 1901లో లండను రాయల్ సొసైటీ యెదుట ఆయన తన ప్రయోగములను జరిపినప్పుడు సాండర్సనే లేచి ఆక్షేపించెను. బోసు వెనుదీయలేదు. మన పొలముగట్లపై పెరుగు అత్తిపత్తి తాకినంతనే ఆకులు ముడుచుకొనుట పిల్లలందఱు నెఱిగినదే. ఆ ముడుపునకు ముందు తొడిమగుండ నొక విద్యుత్సంకేతము పోవుచున్నదని యాయన సూక్ష్మయంత్రములతో నిరూపించెను. లోహములకును ప్రాణమునకును భేదము చెఱుపజూచిన ఆయన సిద్ధాంతములను శాస్త్రలోకము స్వీకరింపలేదు. మొక్కలలో విద్యుత్సంకేతములు కలవను మాట మాత్రము నిలిచినది.

ఇంతకును కణమునకు విద్యుత్తెక్కడిది? దీనికి సమాధానము ఇరువదవ శతాబ్దమున లభించెను. చెఱువును తలచుకొనుడు. కట్టకు లోపల నీరు నిండుగా నుండును. వెలుపల పొలము పల్లముగా నుండును. తూము మూసియున్నంతవఱకు ఏమియు జరుగనట్లే యుండును. తూమెత్తినచో నీ రుఱుకును. కణమునకు గట్టు దాని పొర. ఆ పొర మందము మిల్లీమీటరులో రెండులక్షలవ వంతు. లోపల పొటాసియము హెచ్చు, వెలుపల సోడియము హెచ్చు. ఈ యుప్పుల కణికలు విద్యుత్తును మోయునవి కావున, లోపలికిని వెలుపలికిని వోల్టులో వేయవవంతులు 70 ప్రాయముగా భేదమేర్పడును. చూచుటకిది స్వల్పమే. కాని పొర యెంత పలుచనిదో తలచినచో, మీటరు మందమునకు కోటి వోల్టులను మించిన ఒత్తిడికి సమానము! 1902లో యూలియస్ బెర్న్‌ష్టయిను ఈ పొర సిద్ధాంతమునకు పునాది వేసెను.

ఇంగ్లండున ప్లిమత్ సముద్రతీరమున అలన్ హాడ్జ్‌కినును ఆండ్రూ హక్స్‌లీయు 1939లో స్క్విడ్డు అను సముద్రజంతువు యొక్క లావైన నరపోగులోనికి సన్నని తీగ నెక్కించి, సంకేతమును లోపలినుండియే కొలిచిరి. అంతలో యుద్ధము వచ్చి పరిశోధన నిలిచిపోయెను. యుద్ధానంతరము మఱల పూనుకొని, హక్స్‌లీ చేతితో త్రిప్పు లెక్కలయంత్రముపై లెక్కలుకట్టగా, 1952లో ఆ సిద్ధాంతము వెలువడెను. వోల్టేజి కొంచెము మాఱినచో పొరలోని సోడియము తూములు తెఱచుకొనును. సోడియము లోపలి కుఱుకును. వెనువెంటనే పొటాసియము తూములు తెఱచుకొని సమతూకమును మఱల నిలుపును. ఇదంతయు సెకండులో వేయవవంతు ప్రాయముననే జరుగును. ఈ కృషికై వారికి 1963లో నోబెలు బహుమానము లభించెను. ఎర్విన్ నెహరును బెర్ట్ సాక్మనును 1976లో ఒక్క తూము తెఱచుకొనుచు మూసికొనుచు నుండగా దానిగుండ ప్రవహించు విద్యుత్తును కొలిచిరి. గాల్వాని, వోల్టాల తగవు ఇచ్చట తీఱినది. వెలుపలి విద్యుత్తు కణమునకు క్రొత్త బలము నిచ్చుట లేదు. కణము ముందే కట్టి పెట్టుకొనిన తూము నొకదానిని ఎత్తుచున్నది. పాఱునీరు కణముదే.

ఇక గుండె సంగతి. గుండె కుడి పై గదిలో నొక చిన్న కణసమూహము తనంతట తానే నిమిషమునకు డెబ్బది మాఱులు ప్రాయముగా సంకేతమిచ్చును. 1907లో ఇంగ్లండున ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనువారు దానిని గుర్తించిరి. ఆ సంకేతము క్రింది గదులకు చేరు త్రోవ చెడినచో గుండె మందగించును, ఒక్కొకప్పుడు నిలిచిపోవును. 1952లో బోస్టను నగరమున పాల్ జోల్ ఱొమ్ముపైనుండి విద్యుత్తు నిచ్చి గుండెను కొట్టుకొనునట్లు చేసెను. కాని ఆ తాకిడి రోగికి దుర్భరమైన బాధ. 1957 అక్టోబరులో మినియాపోలిసు నగరమున విద్యుత్తు నిలిచిపోగా, గోడతీగపై నాధారపడిన యంత్రములు పిల్లల ప్రాణములకెంత యపాయమో వైద్యులకు తెలియవచ్చెను. ఎర్ల్ బాకెన్ అను యంత్రజ్ఞుడు, సంగీతము నేర్చువారికి తాళము వేయు పరికరముయొక్క పటమును ఒక పత్రికలో చూచియున్నవాడు, దాని ననుసరించి బ్యాటరీతో నడచు చిన్నపెట్టెను కొలదివారములలో నిర్మించెను. తాళము వేయు పరికరమే గుండెకు తాళమయ్యెను!

స్వీడను దేశమున ఆర్నే లార్సన్ అను నలుబది మూడేండ్లవాడు దినమునకు ఇరువది ముప్పది మాఱులు స్మృతి తప్పుచు మృత్యుముఖమున నుండెను. ఆయన భార్య ఎల్సె మరీ స్టాక్‌హోము శస్త్రవైద్యుడగు ఓకె సెన్నింగును, యంత్రజ్ఞుడగు రూనె ఎల్మ్‌క్విస్టును దర్శించి, దేహములోపల నిలుపదగిన యంత్రమును చేసి యీయుడని ప్రార్థించెను. ఇంకను సిద్ధము కాలేదని వారు చెప్పినను ఆమె విడువలేదు. ఎల్మ్‌క్విస్టు పరికరమును జిగురుపదార్థములో పోతపోసెను. దానికి మూసయైనది బూటుపాలిషు డబ్బా. 1958 అక్టోబరు 8వ తేదీని దానిని లార్సను దేహమున నమర్చిరి. కొన్ని గంటలకే అది యాగిపోయెను, రెండవదానిని పెట్టిరి. అటుపిమ్మట జీవితకాలమున ఆయనకు మొత్తము 26 పరికరములు మార్చబడినవి. తన యంత్రజ్ఞునికంటెను, శస్త్రవైద్యునికంటెను ఎక్కువకాలము జీవించి, 2001లో 86వ యేట వేఱొక వ్యాధిచే మరణించెను. రాఫర్టీ కథను, లార్సను కథను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెండుచోట్లను అపాయము కలదు. రెండుచోట్లను పరికరము అసంపూర్ణమే. ఒకచోట రోగి అడిగించుకొనలేదు. ఒకచోట రోగి యింటివారే అడిగిరి.

ఈ మేలు జరుగుచుండగనే పాతమోహము మఱల తలయెత్తెను. స్పెయిను దేశీయుడును, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయాచార్యుడునగు హోసె దెల్గాదో కోర్దోబా నగరప్రాంతమున ఒక పోట్లయెద్దు మెదడులో తీగలనుంచి, అది తనపైకి దూకుచుండగా చేతిలోని రేడియో మీటను నొక్కి దానిని నిలిపెను. 1965 మే నెలలో న్యూయార్కు టైమ్సు పత్రిక మొదటిపుటలో ఆ వార్త వెలువడెను. కోపమునే ఆయన అణచెనని లోకులు మురిసిరి. ఎద్దు శాంతించలేదు, కదలికలను నడపు మెదడుభాగము తాకబడి బలవంతముగా ప్రక్కకు తిరిగినదని ఇతరశాస్త్రజ్ఞు లభిప్రాయపడిరి. 1969లో దెల్గాదో మనస్సును భౌతికముగా నియమించుటచే నాగరికసంఘమును నిర్మింపవచ్చునని యొక గ్రంథమునే వ్రాసెను. ఎవని మనస్సును ఎవడు నియమించును? మీట ఎవని చేతిలో నుండును? సంఘమును సంస్కరింప గోరువారు తప్పక యడుగవలసిన ప్రశ్న లివి. మనుష్యుని నమ్మించి మార్చుట సంస్కారము. మీట నొక్కి త్రిప్పుట దాస్యము.

ఇటీవలి పరిశోధనలు నరములను, గుండెను దాటి, కణములోని జన్యువుల వఱకు పోయినవి. ఇచ్చట క్రొత్త చిక్కొకటి కలదు. మన యంత్రములు ఎలక్ట్రానులతో మాటలాడును. కణము అణువులతోను, ఉప్పుకణికలతోను మాటలాడును. ఇద్దఱి నడుమ దుబాసీ కావలెను. 2017లో అమెరికాలో మేరీలాండు విశ్వవిద్యాలయమున విలియం బెంట్లీ బృందమువా రట్టి దుబాసీని కూర్చిరి. ఎలక్ట్రానును తీసికొని మఱల నీయగల అణువులను ద్రవమున కలిపి, తీగకొననుండి వోల్టేజి మార్చుచు, ఎషెరిచియా కోలై యను సూక్ష్మజీవిలో కోరిన జన్యువును పనిచేయించిరి, మాన్పించిరి. సూక్ష్మజీవి వెలుగుటయు, ఈదుటయు ఇట్లు తీగచే నడపబడెను. వారు వాడుకొనినది ఆ జీవిలో సహజముగానే యున్న, అట్టి అణువులను పసికట్టు ప్రోటీను నొకదానిని. తూ మిచ్చటను కణముదే.

స్విట్జర్లండున మార్టిన్ ఫుస్సెనెగ్గరు బృందమువారు 2020లో మఱియొక మెట్టెక్కిరి. వోల్టేజికి తెఱచుకొను కాల్షియము తూములుగల కణములలో ఇన్సులినును నిలువచేయించి, మధుమేహముగల ఎలుకల చర్మము క్రింద నుంచి, విద్యుత్సంకేతముచే దానిని రక్తములోనికి విడిపించిరి. పది నిమిషములలోననే ఇన్సులిను రక్తమున హెచ్చెను. చక్కెర అదుపునకు వచ్చెను. 2023లో అట్టి బృందమే సాధారణమైన మూడు బ్యాటరీలతో, అనగా 4.5 వోల్టులతో, దినమున కొక్కమాఱు 10 సెకండ్లు మాత్రము సూదులగుండ విద్యుత్తును పంపి అదే ఫలితమును సాధించెను. ఇవన్నియు ఎలుకలపై జరిగినవి. మధుమేహరోగి లేని వీధి మన యూళ్లలో నెచ్చటను లేదు గనుక, ఈ పరిశోధనలు మన యిండ్లకు రాదగినవే. వచ్చునాటికి మనము అడుగవలసిన ప్రశ్నలను నేర్చియుండవలెను.

ఆ వృద్ధురాలి ప్రశ్నకు సమాధానము నాకీ చరిత్రలోనే దొరకెను. మొదటి పేస్‌మేకరులు గుండె మాటను వినకుండ, ఒకే లెక్కగా కొట్టుచుండెను. గుండె తనంతట తాను కొట్టుకొనుచున్నప్పుడు నడుమ యంత్రము కొట్టినచో తాళము చెడి ప్రాణాపాయమే కలుగవచ్చును. అందువలన 1960వ దశకమున బెర్కోవిట్స్ మొదలగు యంత్రజ్ఞులు వినెడి పరికరమును కూర్చిరి. అది గుండె సంకేతముకై వేచియుండును. సంకేతము వచ్చినచో తానూరకుండును. రాకపోయినచో మాత్రమే తానొక స్వల్పమైన తాకిడి నిచ్చును. ఆ తాకిడికైనను ముడుచుకొనునవి గుండె కణములే.

మఱునాటి వేకువజామున నే నామెకడ కూర్చుండి ఈ సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపూరకుండి, “అయితే అది కావలివాడన్నమాట, కామందు కాదు” అనెను. పిమ్మట ఆ బ్యాటరీ యెన్నియేండ్లుండును, అది తీఱినప్పుడు మఱల కోయవలెనా, పొయ్యికడ కూర్చుండవచ్చునా యని యొకదానివెంట నొకటి యడిగెను. తెలిసినవి చెప్పితిని, తెలియనివి వైద్యునే యడుగుమంటిని. కుమారులు వచ్చినప్పుడు, “మీరు నిర్ణయించారు సరే, నన్ను అడగండి, చెబుతాను” అనెను. పెద్దవాడు తలవంచుకొని, “అమ్మా, పెట్టిద్దామా?” అని యడిగెను. ఆమె “పెట్టించు” అనెను.

విద్యుత్సంకేతము జీవకణమును నడపగలదని రెండువందల యేండ్ల చరిత్ర నిరూపించినది. ఈ విద్య ఇంకను పెరుగును. మన రక్తమునకు, మన మెదడునకు కూడ వచ్చును. అది వచ్చినప్పుడెల్ల మనము రెండు ప్రశ్నల నడుగుదము. ఈ యంత్రము కణము మాటను వినుచున్నదా? ఆ కణములు ఎవరివో, వారి మాటను మనము వింటిమా? మొదటి ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఉత్తరము చెప్పవలెను. రెండవదానికి ఉత్తరము చెప్పవలసినది మన యింటివారమే.